రిమార్క్స్ గడిలో గొళ్ళెం

ఐదో తరగతి పాసైన పిల్లను ఆరులో ఏ బడిలో వేయాలన్నది ఇప్పుడు ఇంట్లో కూర్చునే, ఫోన్లోనే తేల్చేస్తున్నారు. నా చిన్నప్పుడు (మరీ పాతకాలం కాదు, బాపు చేతిలో అప్పటికే టచ్ ఫోన్ ఉంది, దానిలో చార్జింగే ఉండేది కాదు) ఆ పని కాళ్ళరిగేలా తిరిగి చేయాల్సి వచ్చేది. మేముండేది సంగారెడ్డిలో. బాపు పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో మిషన్ ఆపరేటర్. గంటగంటకూ గళ్ళ కాగితం మీద రీడింగులు రాసి రాసి, రాయనిదే ఏదీ చూసినట్టు అనిపించని జబ్బొకటి ఆయనకు పట్టుకుంది. మా ఇంట్లో నీళ్ళ ట్యాంకు కడిగిన తారీఖులు కూడా గోడకు అంటించి ఉండేవి. చుట్టాలొస్తే అమ్మ మొదట వాటినే చూపించి నవ్వేది.

ఆ ఏప్రిల్‌లో మూడు సర్కారు బడులు చూసి ఒకటి ఖాయం చేద్దామని, కంపెనీలో వాడటం మానేసిన పాత షీటొకటి తెచ్చాడు. ‘మిషన్ నంబర్’ అన్నచోట బడి, ‘ప్రెషర్’ అన్నచోట తరగతిలో ఎంతమంది పిల్లలు, ‘టెంపరేచర్’ అన్నచోట సార్ల కోపం. ఒక్కోదానికి పదికి ఇన్నని మార్కులు వేయాలి. చివర ‘రిమార్క్స్’, దాని కింద ‘చెక్డ్ బై’.

“నువ్వే రాయి బిడ్డా, సదివేది నువ్వు గద. ఉన్నదున్నట్టు రాయాలె. రాయకపోతే సూడనట్టే లెక్క” అన్నాడు. పదేళ్ళకే అంత అధికారం చేతికొస్తే ఎవరాగుతారు? నేనూ ఆగలేదు.

ఒక్క సంగతి మాత్రం నోటితో చెప్పలేకపోయాను. నా పాత బడిలో ఆడపిల్లల బాత్రూం తలుపుకు గొళ్ళెం లేదు. ఐదేళ్ళూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుక్క నీళ్ళు తాగకుండా నెట్టుకొచ్చాను. నింపిన బాటిల్ నింపినట్టే ఇంటికొస్తే, “దూప కాదానే నీకు” అని అమ్మ కోప్పడేది. అమ్మకే చెప్పనిదాన్ని బాపుకేం చెప్తాను? సిగ్గు. అందుకే ప్రతి బడిలోనూ ఏదో వంక పెట్టి బాత్రూం వైపు పోయి, తలుపు లాగి చూసి, రిమార్క్స్ గడిలో రాసుకున్నాను.

రోడ్డవతలి బడికి గొళ్ళెం ఉంది, కానీ హైవే దాటాలి. లారీలను తలుచుకునే అమ్మ వద్దనేసింది. మెట్ల బడికి గొళ్ళెం ఉంది, లెక్కల సారే లేడు. ఇక వేపచెట్ల బడి. ఇంటి నుంచి నడిచిపోవచ్చు, గ్రౌండ్ పెద్దది, లెక్కల మేడం తప్పు చేసిన పిల్లను కూడా నవ్వుతూ దిద్దుతోంది. గొళ్ళెం లేదు.

బాపు మార్కులన్నీ కూడి, “గిదే పాస్” అన్నాడు. రిమార్క్స్ చదవనేలేదు (ఆపరేటర్లు చదవరట, అది ఆఫీసర్ల పనట). నేను తలూపాను. లోపల మాత్రం ఇంకో ఐదేళ్ళ దూపను తలుచుకుని ఏడుపొచ్చింది.

జూన్‌లో చేర్పించడానికి పోయాం. హెడ్మాస్టరు సారు టీసీ చూశాడు, ఆధార్ జిరాక్స్ చూశాడు, దాని వెనక పిన్నుకు గుచ్చుకుని వచ్చిన గళ్ళ కాగితం దగ్గర ఆగిపోయాడు.

“‘హెడ్ సారు కుర్చీల నిద్రపోతుండు. గురక చిన్నది.’ ఏందయ్యా ఇది? ఎవరు రాసిండ్రు?”

బాపు ముఖంలో నెత్తురుచుక్క లేదు. “తప్పైంది సార్. గది ఇంట్ల ఉండాల్సిన కాయితం. చిన్నపిల్ల సార్, జెర మాఫ్ చేయుండ్రి” అన్నాడు. నా సీటు గోవిందా అనుకున్నాను. కింద చెక్డ్ బై అన్నచోట నా సంతకం, దాని కింద నేను గీసిన రెండు గీతలతో సహా మెరుస్తోంది.

“ఆగు, సదవనీ” అన్నాడు సారు. తర్వాతి ముక్క ఆయన మెల్లగా చదివాడు. “‘బాత్రూంకు గొళ్ళెం లేదు. గీ బడిల గూడ నీళ్ళు తాగొద్దు.’”

బాపు నా వైపు తిరిగాడు. “బడిల నీళ్ళు తాగవా బిడ్డా?”

నేను నా చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను. సారు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. అటెండరును పిలిచి గొళ్ళెం కొనుక్కురమ్మని పంపి, నాతో అన్నాడు, “సీటిస్తున్న. గా గురక ముచ్చట మాత్రం కొట్టెయ్యమ్మా.”

“ఉన్నదే రాసిన సార్” అన్నాను. బాపు నా భుజం నొక్కాడు. సారు పొట్ట ఊగేలా నవ్వాడు. హమ్మయ్య అని నేను ఊపిరి పీల్చుకున్నది అప్పుడే.

గొళ్ళెం బిగించే పని బాపు ఎవరికీ ఇవ్వలేదు. మర్నాడు డ్యూటీ దిగి, కంపెనీ బట్టల్లోనే స్క్రూడ్రైవర్‌తో వచ్చాడు. బిగించాక, “లోపటికి పోయి ఏసి సూడు. సూసినంక సంతకం పెట్టు” అన్నాడు. వేశాను. అది గట్టిగా పడింది. బయటికొచ్చి, బాపు ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టాను. ఆ రోజు బడి నల్లా దగ్గర నేను కడుపు నిండా నీళ్ళు తాగాను. పదో తరగతి దాకా నన్ను అందరూ ‘గొళ్ళెం’ అనే పిలిచారు, పిలవనీ.

ఇప్పుడు నేనూ పటాన్‌చెరులోనే క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. రిమార్క్స్ గడి దగ్గరికొచ్చేసరికి పైవాళ్ళేమనుకుంటారో అని నాలుగుసార్లు ఆలోచించి, ఒక్కోసారి మెత్తగా ‘పర్వాలేదు’ అని రాయబోతాను. అప్పుడు రెండు గీతల సంతకం పెట్టిన ఆ పిల్ల గుర్తొస్తుంది. నా షీటు దాని చేతిలో పడితే నాకెన్ని మార్కులు వేసేదో. నవ్వుకుంటూ బాటిల్ ఎత్తి రెండు గుక్కలు తాగి, ఉన్నదున్నట్టు రాస్తాను.