దమ్ము పట్టొద్దన్న సముద్రం

ఎల్లారెడ్డిలో ఆరు గంటల కామారెడ్డి బస్సు ఆరున్నరకు కదిలింది. గోవా పోతున్నామని కండక్టరుకు గొప్పగా చెప్పాను. "నా దగ్గర కామారెడ్డి దాకనే ఉంది టికెట్," అన్నాడాయన. తొంభైల మొదట్లో, ఒక జనవరిలో మా సముద్రయానం అట్లా మొదలైంది.

పక్క సీట్లో సాయిలన్న. మా చుట్టుపక్కల వ్యవసాయ బావుల్లో ఏది పడినా తీసేది ఆయనే. బిందెలు, మోటార్లు, ఒకసారి పెళ్లివారి గ్యాసులైటు. నాలుగు నిలువుల లోతుకు ఒక్క దమ్ములో దిగి వచ్చేవాడు. కిందటి ఎండాకాలం తాడ్వాయి దగ్గర ఒక బావిలో పైపు అడుగున బిగించిన ఫుట్‌వాల్వు విప్పడానికి దిగాడు. నడుముకు కట్టిన తాడు నా చేతిలో ఉంది. గట్టు మీద నేను చెబుతున్న కథకు నలుగురు నవ్వుతున్నారు. తాడు రెండుసార్లు గుంజాడు, పైకి లాగమని గుర్తు. కథ చివరికి వచ్చింది కదా అని, ముగించి లాగాను.

అంగీ పైపుకు చిక్కుకుందట. పైకి వచ్చినప్పుడు ఆయన పెదవులు నల్లగా ఉన్నాయి. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ తర్వాత ఎవరు పిలిచినా మోకాలు నొప్పి అనేవాడు. ఇంట్లో కూడా తల మీద నీళ్లు పోసుకోవడం మానేశాడని వదిన చెప్పింది.

మంగలి షాపులో పాత పత్రిక తిరగేస్తుంటే, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగున ఊపిరి పీలుస్తున్న మనిషి ఫోటో కనబడింది. కింద గోవా చిరునామా. కార్డు రాస్తే జవాబు వచ్చింది. సాయిలన్నను ఒప్పించడానికి మాత్రం నెల పట్టింది.

కామారెడ్డిలో ఇడ్లీ తిని, తొమ్మిదింటికి రైలెక్కాం. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ అడిగింది: "ఏడికి పోతున్రు బిడ్డా?"

"గోవాకు అవ్వా. సముద్రంల మునగనీకి."

"గంగల మునిగితె పుణ్యమొస్తది. సముద్రంల మునిగితె ఏమొస్తది?"

"ఉప్పొస్తది," అన్నాడు సాయిలన్న. నెల రోజుల్లో ఆయన వేసిన మొదటి జోకు. నేను నవ్వలేదు. నవ్వించే నా వ్యాపారానికి పోటీ.

మధ్యాహ్నం సికింద్రాబాద్ చేరాం. సాయంత్రం అయిదింటికి గోవా బస్సు. మర్నాడు పది దాటాక పణజిలో దిగినప్పుడు మెడలు చెరో దిక్కుకు తిరిగి ఉన్నాయి. తీరం దగ్గర ఒక ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకున్నాం. చేపల కూర, అన్నం కడుపునిండా పెట్టారు. మునిగే రోజు మాత్రం కడుపునిండా తినొద్దన్నారు. అడగకుండానే దొరికిన మొదటి సలహా అది.

నేర్పే మనిషి పేరు పీటర్. నల్లగా, సన్నగా, అస్సలు తొందర లేనివాడు. నేను రాసుకుపోయిన ప్రశ్నలన్నీ హిందీలో అడిగేశాను. మీలో ఎవరైనా వెళ్లేటట్టయితే జవాబులు పనికొస్తాయి. ఈత రాకపోయినా మొదటిరోజు లోతు తక్కువ చోట ఆయన చేయి పట్టుకుని దింపుతాడు. కళ్లజోడు తీసేయాలి. నీళ్లలో అన్నీ కొంచెం పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి నాకు పెద్దగా నష్టం జరగలేదు. జలుబుంటే దిగొద్దు. దిగేకొద్దీ చెవులు నొక్కుకుపోతాయి. ముక్కు మూసి మెల్లగా ఊదితే తెరుచుకుంటాయి. ఎంత గాలి మిగిలిందో చూపడానికి గడియారంలాంటి దానిలో ముల్లు ఉంటుంది. మర్నాటి దాకా విమానం ఎక్కొద్దు. మా ఇద్దరికీ చాలా తేలికగా పాటించదగ్గ నియమం అదే. మునిగిన ఒంటికి వెంటనే ఎత్తు పడదట; ఘాట్ ఎక్కే బస్సయినా సరే, మునిగిన మర్నాడే ఎక్కండి అన్నాడు.

"షార్కులు?" అన్నాను.

"చూపించమని అందరూ అడుగుతారు. లేవని చెప్పుకోలేక చస్తున్నాను."

చివరగా వేలెత్తి చెప్పాడు: అన్నిటికన్నా పెద్ద నియమం, ఊపిరి బిగబట్టొద్దు. పీలుస్తూ, వదులుతూ ఉండాలి. బిగబట్టి పైకి లేస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరుగుతాయి.

వీపుకు సిలిండరు కట్టి, దాని గాలి గొట్టం నోట్లో పెట్టి, నడుము లోతు నీళ్లలో మోకాళ్ల మీద కూర్చోబెట్టాడు. మొదట నేను. నాకు నీళ్ల గురించి ఏమీ తెలియదు కనుక చెప్పింది చెప్పినట్టు చేశాను. బుడగలు బుడబుడా వచ్చాయి. శభాష్ అన్నాడు. ఈత రానివాడికి నీళ్లలో శభాష్ దొరకడం మా వంశంలో మొదటిసారి.

తర్వాత సాయిలన్న. పీటర్ ఆయన చెవుల్లోంచి నూనెలో తడిపిన పత్తి ఉండలు రెండు బయటికి తీశాడు. బావిలో దిగేవాళ్లు పెట్టుకునేవి. చెవులు మూస్తే ఇక్కడ లోపలి పొర పగులుతుందట. సరే అని మునిగాడు. బుడగ లేదు. పది లెక్కపెట్టాను, ఇరవై లెక్కపెట్టాను. నీళ్లు నిశ్చలం. ఉన్నట్టుండి కళ్లు తేలేసి లేచాడు. మూడుసార్లూ అంతే.

"ఊపిరి ఆపుతున్నాడు," అన్నాడు పీటర్ నాతో. "ఇట్లాగైతే లోతుకు తీసుకుపోను. నువ్వు రావచ్చు."

సాయంత్రం ఇసుకలో కూర్చున్నాం. జోకులు నాలుగైదు నోటిదాకా వచ్చాయి. మింగాను.

"ముప్పై ఏండ్ల సంది దమ్ము పట్టుడే నేర్సుకున్న తమ్మి," అన్నాడు సాయిలన్న. "బాయిల దమ్ము ఇడిస్తె సచ్చినట్టె. గీయనేమో పడితె సస్తవంటడు. ఏది ఇనాలె?"

"పోదాం పా అన్నా ఇంటికి. మోకాలు నొప్పని చెప్పుదాం."

ఆయన నవ్వలేదు. లేచి ఇసుక దులుపుకుంటూ, "నీళ్లల్ల మొత్తుకోవచ్చునా?" అని అడిగాడు.

మర్నాడు పొద్దున్నే పీటర్‌ను నేనే అడిగాను. నోట్లో గొట్టం ఉంచుకుని ఎంత మొత్తుకున్నా తప్పులేదన్నాడు. సాయిలన్న నడుము లోతులో కూర్చుని మునిగాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత బుడగలు పొడుగ్గా, ఆగకుండా వచ్చాయి. నేనూ తల ముంచి విన్నాను. "ఓ..." అంటున్నాడు. ఆయన చిన్నప్పుడు, బావి నీళ్లు తోడే మోట కొట్టేటప్పుడు ఎడ్లు వాలులో దిగుతుంటే తీసే కూత. అది అయిపోయే వరకు ఊపిరి బయటికే పోవాలి. అయిపోయాక దానంతట అదే లోపలికి వస్తుంది. సముద్రంలో ఎడ్లు లేవని చెప్పేవాడెవడు?

పీటర్ సరేనన్నాక, పది గంటలకు పడవలో ఒక దీవి పక్కకు పోయాం. మూడు నిలువుల లోతు. ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో ఆయనను పట్టుకుని పీటర్ దింపాడు. పత్రికలో నీళ్లు నీలం. ఇక్కడ చెరుకు రసం రంగు. రంగు చేపలు మూడు కనిపించాయి, మిగతావి ఇసుకతో కలిసిపోయాయి. అయినా అక్కడ ఏ తొందరా లేదు. పక్కన "ఓ..." వినిపించినంతసేపు నాకు భయం వేయలేదు. అది ఆగినప్పుడల్లా తిరిగి చూశాను. ఒకసారి చాలాసేపు ఆగింది. చూస్తే ఆయన కూత మానేసి మామూలుగా ఊపిరి తీస్తున్నాడు, ఇసుకలో కూరుకుపోయిన పాత లంగరును చేత్తో తడిమి చూస్తూ.

పైకి తేలాక గొట్టం తీసి ఆయన అన్న మొదటి మాట: "గది తియ్యాలంటె ఆరుగురు గావాలె. మోకు మందంగుండాలె."

మర్నాడు బయలుదేరి, ఆ మర్నాడు సాయంత్రం నాలుగింటికి కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కాం. సముద్రం గురించి ఏం తెలిసిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక్క ముక్కే ఉంది: కింద ఉన్నవాడి ఊపిరి పైనున్నవాడికి కనబడాలి. అక్కడ బుడగలు, మా దగ్గర తాడు. చూసేవాడు ఉంటేనే రెండూ పనికొస్తాయి. దీన్ని జోకుగా మార్చడానికి దారంతా ప్రయత్నించాను. కుదరలేదు.

తాడ్వాయిలో ఎక్కిన రైతు ఒకాయన సాయిలన్నను గుర్తుపట్టాడు. "సాయిలూ, మా బాయిల మోటరు జారింది. మోకాలెట్లుందే?"

సాయిలన్న కిటికీలోంచి బయటికి చూశాడు. "మోకాలు మంచిగనె ఉంది. రేపొచ్చి చూస్త. తాడు గీ తమ్మి పడ్తడు."

"గీయన పడ్తడా?" అన్నాడు రైతు. తాడ్వాయి వాళ్లకు ఆ కథ తెలుసు.

"గీయననె. గాని నోరు మూసుకొని."

లింగంపేట దాటింది. ఎల్లారెడ్డి వచ్చేదాకా నేను ఒక్క మాట మాట్లాడలేదు.