ఐదో కుప్ప ఎవరిది?

పెత్రమాస ఇంకా తొమ్మిది రోజులుందనగా సమ్మయ్య బావ ఫోన్ చేశాడు. "మా అవ్వను ఏమన్న అడిగేదుంటే జల్ది రా. మొన్న నన్నే 'ఎవలు బిడ్డా నువ్వు' అన్నది" అన్నాడు. బావ తల్లి లచ్చవ్వ మా బాపుకు చెల్లెలు, నాకు మేనత్త. అత్తను చూడడానికి మూడేళ్లుగా రేపూ మాపూ అంటూ గడిపిన నేను ఆ రోజే సెలవు చీటీ రాసిచ్చాను.

అడగాల్సింది ఒక్కటే. పెత్రమాస, అదే పితృ అమావాస్య నాడు మా బాపు చనిపోయిన పెద్దల పేరున చాటలో బియ్యం కుప్పలు పోసి, కూరగాయలు పెట్టి అయ్యగారికి ఇచ్చేవాడు. తాతలకు, అవ్వలకు కలిపి నాలుగు. పేరు చెప్పకుండా ఐదోది. ఎవరికంటే "మనోడే" అనేవాడు. అమ్మకు కూడా అంతకుమించి చెప్పలేదు. బాపు పోయి ఏడాది కావస్తోంది, ఈసారి కుప్పలు పోయాల్సింది నేను. తెలియదని ఐదోది మానేస్తే, ఆ మనిషిని తలిచేవాళ్లు లోకంలో ఇంకెవరూ ఉండరు.

ఉదయం ఎనిమిదిన్నరకు సికింద్రాబాద్‌లో కాగజ్‌నగర్ బండి ఎక్కాను. జనరల్ పెట్టె. కాజీపేట దాకా నిలబడ్డాను, అక్కడ కిటికీ సీటు దొరికింది. జమ్మికుంట దాటాక సన్నగా వాన, ఇరువైపులా పత్తి చేలు. ఎదురుగా భుజం మీద తువ్వాల వేసుకున్న పెద్దాయన నేను రామగుండంలో దిగుతానని తెలుసుకుని అడిగాడు.

"మీ బాపు బాయిల చేసిండా? ఇంట్ల పేరేంది, బాయిల పేరేంది?"

బొగ్గు గనులను బాయిలనే ఈ వైపు ఈ ప్రశ్న మామూలే. వెనకట ఒకరి కాగితం మీద ఇంకొకరు పనిలో చేరి, ఆ పేరుతోనే రిటైరైన వాళ్లు చాలామంది. మా బాపు ఇంట్లో రాజయ్య, బాయిలో ఓదెలు. నెత్తిమీద దీపం ఇచ్చినట్టే పేరు కూడా అక్కడే ఇస్తారని చిన్నప్పుడు అనుకునేవాణ్ని. ఆ మాట చెబితే పెద్దాయన పకపకా నవ్వాడు.

"నేను బాయిల భూమయ్యను, ఇంట్ల కొమురయ్యను. భూమయ్యకు పింఛనొస్తది, కొమురయ్య కూసోని తింటడు!"

పన్నెండున్నరకు రామగుండంలో దిగి షేర్ ఆటోలో గోదావరిఖని చౌరస్తా చేరాను. మెస్సులో భోజనం బాగుంది, పప్పుచారు రెండోసారి అడక్కుండానే పోశారు. బస్సుకు టైముందని ఒకప్పుడు మేము ఉన్న క్వార్టర్ల దాకా నడిచాను. మా వాకిట్లో ఇప్పుడు ఎవరివో రెండు బండ్లు ఉన్నాయి. డ్యూటీ దిగి వచ్చిన బాపు నీళ్ల తొట్టి దగ్గర ఎంత తోముకున్నా కనురెప్పల అంచున బొగ్గు మిగిలేది. సుర్మా పెట్టుకున్నావా అని అమ్మ ఏడిపించేది.

రెండుంబావుకు మంథని బస్సు. దారి పొడుగునా ఓపెన్‌కాస్టు గనుల మట్టిగుట్టలు. పక్క సీటు ఆమె ఒక గుట్టను చూపించింది.

"గదో, గా మట్టి కింద మా ఊరు. మా పొయ్యి ఏ దిక్కుండెనో కండ్లు మూసుకోని చెప్త."

"మీ పిల్లలకు తెలుసా?" అన్నాను. "వాళ్లడగరు, నేను చెప్ప" అని కమాన్‌పూర్ మండలంలో ఏదో ఊరి దగ్గర దిగిపోయింది.

మూడున్నరకల్లా సెంటినరీ కాలనీలో బావ క్వార్టర్‌లో ఉన్నాను. అత్త గడప పక్కన కూర్చుని ఉంది. "అన్నం తిన్నవా బిడ్డా?" అంది. తిన్నానన్నాను. గంటలో నాలుగుసార్లు అడిగింది. నా ప్రశ్న నేనూ అడిగాను. "ఏం కుప్ప?" అంటుంది, మళ్లీ అన్నం దగ్గరికే వస్తుంది. ఇంత దూరం వచ్చింది దండగే అనిపించింది.

సాయంత్రం బావ భార్య చాటలో బియ్యం ఏరుతుంటే, ఏం తోచక, నేనే ఆ చాట తీసుకుని నాలుగు కుప్పలు పెట్టి అత్త ముందుకు జరిపాను.

"గట్ల కాదురా" అని అత్త చాట లాక్కుంది. చేతులు గబగబా కదిలాయి. ఒక్కో కుప్పకూ ఒక్కో పేరు చెబుతూ నాలుగూ సర్దింది. ఐదోది పోసి అంది: "దీని మీద బీరకాయ పెట్టకు. ఓదెలన్న ముట్టడు. గోకరకాయ పెట్టు."

"ఓదెలంటే మా బాపే గదా అత్తా?"

"మీ బాపు రాజన్న. ఓదెలన్న మా పెద్దన్న, నీకు పెద్దబాపు. నౌకరి కాయితం ఆయినకే వచ్చింది. డ్యూటీ ఎక్కకముందే కామెర్లయి పానం పోయింది. ఇల్లు గడుసుడెట్లని మీ తాత గా కాయితం ఇచ్చి మీ బాపును తోలిండు. ఓదెలు డ్యూటీకి పోతుండంటే, సచ్చిండని ఎట్ల చెప్తవ్? గట్టిగ ఏడ్వలే. దినాలు గూడ చెయ్యలే."

చాట అంచు నిమురుతూ మళ్లీ అంది. "పొద్దుగాల దోస్తులొచ్చి వాకిట్ల పిలుస్తుండె, 'ఓదెలూ, డ్యూటీకి పోదాం రా' అని. గా పిలుపు ఇనందే మీ నాయనమ్మ పొయ్యి ముట్టియ్యకపోయేది."

నాకు ఏడుపు ఆగలేదు. బాపు ఐదో కుప్ప మొదలుపెట్టింది రిటైరైన ఏడాదే. నౌకరీ ఉన్నన్నాళ్లూ అన్న చనిపోయాడని ఒప్పుకునే వీలు కూడా ఆయనకు లేకపోయింది. రికార్డు చేద్దామని తెచ్చిన ఫోను జేబులోనే ఉండిపోయింది. తీసి, ఇంకొక్కసారి చెప్పమన్నాను.

"అన్నం తిన్నవా బిడ్డా?" అంది అత్త.

మర్నాడు ఎనిమిదింటి బస్సుకు బయల్దేరాం. అత్తను గోదావరిఖని దవాఖానలో చూపించాలని బావ కూడా వచ్చాడు. నా పక్కన కిటికీ దగ్గర కూర్చున్న అత్త కాసేపటికి నా వైపు తిరిగింది.

"ఎవలింటికొచ్చినవ్ బిడ్డా?"

"మా మేనత్త ఇంటికి. ఒక ముచ్చట చెప్పింది."

"ఏం ముచ్చట?"

మొత్తం చెప్పాను. వాకిట్లో పిలుపు దగ్గరికొచ్చేసరికి అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పాపం, గా తల్లి కొడుకు పేరు ఇనుకుంట బతికిందన్నట్టు" అంది. మళ్లీ తనే, "ఎవలకన్న చెప్పినవా గీ ముచ్చట?"

"ఇంకా చెప్పలే."

"చెప్పాలె బిడ్డా. మనిషన్నంక మర్శిపోతడు."

దవాఖాన ముందు వాళ్లిద్దరూ దిగారు. అత్త వెనక్కి చూడలేదు.

రామగుండంలో బండి గంట లేటు. మీలో ఎవరైనా ఇట్లా పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లుంటే ఒక్క రోజు కోసం వెళ్లకండి, నాలుగు రోజులు పెట్టుకోండి. ప్రశ్నలు అడిగితే లాభం లేదు, వాళ్లకు అలవాటైన పనేదో చేతికివ్వండి. నేను మూడేళ్ల కింద వచ్చి ఉంటే ఓదెలు పెద్దబాపు నడక, నవ్వు కూడా దొరికేవేమో. నాకు దక్కింది ఒక సాయంత్రం.

పెద్దపల్లి దాటాక అమ్మకు ఫోన్ కలిసింది. బండి చప్పుడుకు వినపడడం లేదంది. చుట్టుపక్కల అందరూ నా వైపే చూస్తున్నారు. అయినా గొంతు తగ్గించలేదు, పెట్టె అంతా వినపడేట్టు గట్టిగా చెప్పాను.

"అమ్మా, మనింట్ల ఓదెలని ఒకాయన ఉండె. చచ్చిపోయిండు."