అదే మందు

మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, కల్లు తాగేది. ఈ మాట చెప్పడానికి నేనేమీ తల దించుకోను. కోహీర్ పక్క పల్లెల్లో ఆ రోజుల్లో ఆడా మగా తేడా లేకుండా పొలం పని అయ్యాక కల్లు దుకాణం ముందు కూర్చునేవారు. అవ్వ అల్లం చేలో నడుం పడిపోయేలా పనిచేసి, ఒక సీసా తాగి, ఇంటికొచ్చి వండి అందరికీ పెట్టేది. అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు. నాకూ కనిపించలేదు.

ఎనభైలు వచ్చేసరికి ఈతచెట్లు తగ్గాయి గానీ తాగేవాళ్లు తగ్గలేదు. నీళ్లలో ఏదో తెల్లపొడి కలిపి, పైన కాస్త కల్లు పోసి అమ్మడం మొదలైంది. అందులో దాపరికమేమీ లేదు, అందరూ దాన్ని మందు కల్లు అనే పిలిచేవారు. జ్వరానికి వేసుకునేదీ మందే, సీసాలో కలిపేదీ మందే. ఆ ఒక్క మాట మా ప్రాణం మీదికి తెస్తుందని మాకేం తెలుసు.

పోనుపోను అవ్వకు లేవగానే సీసా కావాల్సి వచ్చింది. ఒకనాడు మత్తులో పొయ్యి మీద పడి చెయ్యి కాల్చుకుంది. అది విని ఊరికి పోయి, మా అన్నతో పోట్లాడి, ఆమెను జహీరాబాద్‌లోని మా ఇంటికి తీసుకొచ్చాను. నాకున్న మొండితనం ఆమె ఇచ్చిందే కాబట్టి నాతో వాదించలేదు. ఇంట్లో అడుగుపెట్టగానే నా కొడుకును దగ్గరికి పిలిచి వాడి నెత్తిమీద చెయ్యి పెట్టింది.

"ఇయ్యాల్టి సంది మందు ముట్ట. వీని మీద ఒట్టు."

అవ్వ ఒట్టు వేసిందంటే అంతే. నాకు కొండంత ధైర్యం వచ్చింది.

రెండు రోజులు పోయాక ఆమె చేతులు వణకడం మొదలైంది. ఒళ్లంతా చెమటలు. దుప్పటి మీద లేని చీమల్ని ఏరి పారేస్తోంది. ఎప్పుడో పోయిన మా నాయనతో మాట్లాడుతోంది. చూడ్డానికొచ్చిన అన్న, గాలి సోకిందని, మంత్రగాడి దగ్గరికి పోదామని పట్టుబట్టాడు. మేమింకా వాదులాడుకుంటూ ఉండగానే ఆమెకు ఫిట్స్ వచ్చాయి. ఇక అన్న మాట వినకుండా రిక్షా పిలిచి సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. అన్న సణుగుతూనే వెంట వచ్చాడు.

డాక్టరు సూది వేసి, ఆమె తెప్పరిల్లాక మంచం పక్కనే నిలబడి మాకు నిదానంగా చెప్పాడు.

"మెదడుల ఉరికిచ్చేది ఒకటుంటది, ఆపేది ఒకటుంటది. కల్లుల కలిపే పొడి ఆ ఆపే పనికి దన్నుగా ఉంటది. ఏండ్లకేండ్లు గట్లనే నడిస్తె మెదడు తన బ్రేకు తాను ఏసుకునుడు తగ్గిస్తది. మీరు ఆ పొడిని ఒక్కసారే గుంజేసిన్రు. బ్రేకు లేని లారీ లెక్కయింది. గీ ఒణుకుడు, గీ ఫిట్స్ గందుకే. గాలి లేదు, ధూళి లేదు."

"ఇప్పుడెట్ల సాబ్?" అన్నాను.

"అసొంటి మందే గోలీల రూపంల ఇస్త. ముందు సరిపోయేంత, ఆనుక కొద్దికొద్దిగ తగ్గిస్తం. మెదడు తన పని తాను మల్ల నేర్సుకోవాలె గద, జర టైమియ్యాలె."

మంచం మీద అవ్వ ఈ మాట వింది. "అదే మందా?" అని అడిగి పెదవులు బిగించింది. నర్సు గోలీ తెస్తే మొహం గోడవైపు తిప్పుకుంది.

"పిల్లగాని మీద ఒట్టేసిన. సచ్చినా నోట్ల పెట్ట."

మళ్లీ ఫిట్స్ వస్తే ప్రాణానికే ముప్పని డాక్టరు ముందే చెప్పాడు. అన్న నా మీద లేచాడు. "మానిపిస్తనని తెచ్చి మల్ల మందే పెడ్తవా?" బలం గోలీ అని చెప్పి మింగించమని నర్సు నా చెవిలో చెప్పింది. నాకది నచ్చలేదు. అబద్ధం చెప్పి మింగిస్తే, తెలిసిన రోజున అవ్వ గోలీనీ నమ్మదు, నన్నూ నమ్మదు. నేను మంచం అటువైపు పోయి ఆమె మొహానికి ఎదురుగా కూర్చున్నాను.

"ఆ నెత్తి ఎవరిదే అవ్వా? నేను కన్న పిల్లగానిది. నన్నడిగి పెట్టినవా ఒట్టు? నేను తీసేస్తున్న. ఇగ లేదు."

మా అవ్వ భయపడగా చూడటం నాకదే మొదలు.

"ఒట్టు లేకుంటె నన్నెవరు ఆపుతరు బిడ్డా?"

నేను ఉన్నదున్నట్టే చెప్పాను. "ఎవరూ ఆపరు. గోలీ నీ ఒంటిని సూస్కుంటది. మిగిలింది నువ్వే సూస్కోవాలె. నేను పక్కన కూసుంట."

అవ్వ గోలీ కోసం నోరు తెరిచింది.

నెలలు పట్టింది. గోలీ సగమైంది, తర్వాత పావైంది. తగ్గించిన ప్రతిసారీ ఆమెకు నిద్ర పట్టేది కాదు, నా వంటకు వంకలు పెట్టేది, నన్ను కన్నందుకు తనను తాను తిట్టుకునేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు, తిట్టుకు తిట్టు అప్పజెప్పేదాన్ని. కానీ డాక్టరు చెప్పినదానికంటే ఒక్క ముక్క ఎక్కువ ఇవ్వలేదు, తక్కువా ఇవ్వలేదు. చివరికి గోలీ కూడా ఆగింది. చేతులు వణకలేదు.

ఆమెను ఊరికి దిగబెట్టడానికి నేనే వెంట వెళ్లాను. బస్సు దిగి నడుస్తుంటే దారిలోనే కల్లు దుకాణం. అవ్వతో చేలో పనిచేసే ఒకామె అక్కడ కూర్చుని పిలిచింది.

"ఏందే, జహీరాబాద్ పోయొచ్చి పెద్దదానివైనవా? మా పక్కన కూసుంటె పరువు పోతదా?"

నాకు ఒళ్లు మండి నోరు తెరవబోయాను. అవ్వ నా చెయ్యి పట్టి ఆపింది.

"గది కాదక్కా," అంది. "నాకు ఇప్పటికి గూడ తాగబుద్ధి అయితది. గందుకే రాను."