మా అత్తగారి ఫిరంగుల మెట్టు

మా అత్తగారు పోయారన్న కబురు పర్చూరు బస్సు కండక్టరు తెచ్చాడు. టిక్కెట్ల సంచీ భుజాన వేసుకునే బ్రాడీపేటలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, వాకిట్లో నిలబడి, "అమ్మా, మీ అత్తగారు తెల్లారి పోయారంట. సారుని తీసుకుని బయల్దేరండి" అన్నాడు. పత్తి తీతకి మనుషుల్ని కేకెయ్యడానికి లేచిందట, గడప దగ్గరే కూలబడిందట. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒక్క పూటన్నా మంచాన పడి నా చేత గంజి తాగి ఉంటే ఆవిడ సొమ్మేం పోయేది?

ఊళ్ళో ఆవిడని కొడుకు చెయ్యి విరగ్గొట్టిన మనిషి అంటారు. నిజమే, విరగ్గొట్టింది. నా కళ్ళ ముందే విరగ్గొట్టింది. ఆ మాట అనేవాళ్ళు మా ఇంటి బొమ్మ ఫిరంగుల దగ్గర ఆవిడ పక్కన కూర్చున్నవాళ్ళు కారు. నేను కూర్చున్నాను. అందుకని రాస్తున్నాను.

మా మామగారు పట్టాళంలో ఫిరంగులు పేల్చే దళంలో హవల్దారుగా చేసి, రెండు చెవులూ పోగొట్టుకుని ఇంటికొచ్చారు. వస్తూ వస్తూ రేకుతో చేసిన బొమ్మ ఫిరంగి సెట్టు ఒకటి తెచ్చారు. ఒక ఫిరంగి, దాని చుట్టూ సిపాయిలు, చిన్న చిన్న గుళ్ళు. ఆయనకి వినపడదు కాబట్టి ఈవిడ సైగ చేసి అడగడం, ఆయన ఆ బొమ్మల్ని అటూ ఇటూ జరిపి చూపించడం. వాళ్ళ కాపురంలో కబుర్లన్నీ అలాగే సాగాయట. "మీ మామయ్య నాకు ముద్దుగా ఒక్క మాట చెప్పలేదమ్మాయ్. గుండు పడితే మనిషి ఎటు ఎగురుతాడో మాత్రం బాగా చెప్పాడు" అనేది. ఆయన పోయాక ఆవిడ ఆ సెట్టుకి తోడు ఇంకా కొనడం మొదలుపెట్టింది. తిరునాళ్ళలో కొన్నది, మద్రాసు వెళ్ళేవాళ్ళ చేత తెప్పించింది, కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళ చేత చెప్పి మరీ చెక్కించింది. బంగారం కొనమంటే పొలంలో పని ఉందనేది.

మా ఇంట్లో బొమ్మల కొలువు దసరాకి పెడతారు. పై మెట్ల మీద అందరి ఇళ్ళల్లో ఉండే దేవుళ్ళే. కింది మెట్టు మాత్రం ఆవిడది, అక్కడ ఫిరంగులు. భర్త పోయిన మనిషి పేరంటంలో ముందుకు రాకూడదంటారు కదా, అందుకని పసుపూ కుంకుమా తాంబూలమూ నా చేత ఇప్పించి, తను వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చునేది. కూర్చుని ఊరుకుంటుందా? వచ్చిన ముత్తయిదువులకి అక్కణ్ణించే యుద్ధం చెప్పేది.

నేను కాపురానికి వచ్చిన మొదటి దసరాకి ఆ మెట్టు చూసి హడలిపోయాను. ఒక ప్లాస్టిక్ సిపాయికి కాలు లేదు. ఒకడి ముఖం సగం కరిగిపోయి ఉంది. అట్లకాడ ఎర్రగా కాల్చి ఆవిడే కోసిందట, ఆవిడే కరిగించిందట. పైన ఆముదంలో కలిపిన కుంకుమ. పక్కింటి పెద్దావిడ ముక్కు మీద వేలేసుకుని, "ఏందొదినా ఇది, పండగ పూట ఈ పీనుగులేంది?" అంది.

"ఏం చేసేదొదినా, కొట్టోడు పేల్చేవాళ్ళనే ఇచ్చాడు. చచ్చేవాళ్ళని ఒక్కణ్ణి కూడా ఇవ్వలేదు. సగం సరుకు ఎగ్గొట్టాడు. ఆ సగం నేను చేసుకున్నా" అంది ఆవిడ.

ఒకసారి గుంటూరు వచ్చినప్పుడు మా వీధి చివర ఫ్యాన్సీ కొట్టుకి తీసుకెళ్ళాను. కొట్టతను కొత్తగా వచ్చిన సెట్టు గాజు బీరువాలోంచి తీసి ఎదురుగా పెట్టాడు. ఆకుపచ్చ రంగు, రబ్బరు చక్రాలు, మెరిసిపోతోంది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, సంతలో చేపని చూసినట్టు దాన్ని తిరగేసి, బోర్లేసి చూసింది.

"ఫిరంగి ఎనకమాల నిలబడ్డాడే, వీడెవడు నాయనా?"

"గుండు పెట్టేవాడండీ."

"పేలంగానే గొట్టం ఎనక్కి తన్నుద్ది. వీడి రొమ్ము పచ్చడైపోద్ది. నిలబెట్టినోడికి బుద్ధుండక్కర్లా? పైగా నవ్వుతున్నాడు కూడానూ. చెవులు మూసుకున్నోడు ఒక్కడన్నా ఉన్నాడా ఇందులో?"

"పిల్లలు ఆడుకునేదండీ అది" అన్నాడు అతను, నా వంక దీనంగా చూస్తూ.

"అందుకే అంటున్నా. పిల్లల చేతికి ఇస్తా ఇంత అబద్ధమాడితే ఎట్టా?"

అంత తిట్టీ కొన్నది. తిట్టిన ప్రతి సెట్టూ కొనేది. రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని, "కారం లేదమ్మాయ్" అంది. అది ఆవిడ తీర్పు. చేలన్నీ మిరపతోటలైన ఊళ్ళో అంతకన్నా పెద్ద తిట్టు ఏముంటుంది? ఉన్నమాట చెప్పాలంటే, ఆవిడ కారం సరిపోయిందన్న సెట్టు నేనొక్కటీ చూడలేదు. ఇంటికెళ్ళాక అట్లకాడ పొయ్యిలో పెట్టి తనే సరిచేసుకునేది.

మండలాలు వచ్చిన కొత్తలో మా ఊరు రెండు పార్టీలైంది. పత్తిని తెల్లదోమ తినేసిన ఏడు. మా ఆయన ఉద్యోగం గుంటూరులోనే గానీ, ఆ ఏడు నేను అత్తగారి దగ్గరే ఉన్నాను. చేతిలో పైసా లేని మగవాళ్ళందరికీ ఒళ్ళు మండిపోతూ ఉండేది. కాలవ నీళ్ళ దగ్గర మొదలైన తగువు పొగాకు బ్యారన్లు తగలబెట్టేదాకా వచ్చింది, అక్కణ్ణించి గొడ్డళ్ళు, అక్కణ్ణించి నాటుబాంబులు. పట్టపగలు ఒకతన్ని నడివీధిలో నరికారు. అతను పేగులు రెండు చేతులా పట్టుకుని ఇంటింటికీ నడిచాడు. ఎవరూ తలుపు తియ్యలేదు. మా వాకిటి మెట్ల మీద పడ్డాడు. మా అత్తగారే తన చీర చించి చుట్టి, తల ఒళ్ళో పెట్టుకుంది. బండి కట్టేలోపు ప్రాణం పోయింది. మెట్లు ఆవిడే కడిగింది.

మా మరిది అప్పటికి ఇంటి దగ్గరే ఉండి పొలం చూసుకుంటున్నాడు. అతని కుడిచేతి విసురు గట్టిది. ఎంత ఎత్తున ఉన్న కాయనైనా ఒక్క రాయితో రాల్చేవాడు. బాంబు వెయ్యాలంటే అలాంటి చెయ్యే కావాలి కాబట్టి పార్టీ వాళ్ళు అతన్ని వదల్లేదు. ఆవిడ రోజూ అన్నం పెడుతూ పోట్లాడేది. "ఒరేయ్, ఆ చేత్తో ఇంకొకత్తి పుస్తెలు తెంచమాక."

"మనం వెయ్యకపోతే వాళ్ళు వేస్తారమ్మా. ఇయ్యి నీ బొమ్మలు కాదు" అని నవ్వేవాడు అతను.

ఆ ఏడు దసరాకి జమ్మిచెట్టు దగ్గర ముందు పూజ ఎవరిదన్న దాని మీద రెండు పార్టీలూ కత్తులు నూరుతున్నాయి. దశమి సాయంత్రం మగవాళ్ళు జమ్మికి కదులుతారు. మధ్యాహ్నం మా ఇంట్లో పేరంటం. మా కొలువు మెట్లంటే పెద్ద ఏర్పాటేం కాదు, ట్రంకుపెట్టెల మీద చెక్కలు పేర్చి తెల్లపంచెలు పరచడమే. దశమి రాత్రి ఒక బొమ్మని పడుకోబెట్టి కొలువు ఎత్తేదాకా ఆ చెక్కల్ని ఎవరూ కదపరు. ఎవరూ కదపని చోటు కాబట్టి మా మరిది బాంబులు అక్కడ దాచాడు. మాకెవరికీ తెలియదు.

పాటలయ్యాయి. హారతి పళ్ళెంలో కర్పూరం వేసి నేను అగ్గిపుల్ల గీశాను. "ఆగమ్మాయ్" అంది ఆవిడ గుమ్మం దగ్గర్నుంచి. ఆవిడ కళ్ళు కింది మెట్టు మీద ఉన్నాయి. పొద్దున చక్రాల కింద బియ్యపు గింజలు పెట్టి చదునుగా నిలిపిన ఫిరంగులు ముక్కులు పైకెత్తి ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. కింద ఏదో దూర్చినందుకు చెక్క ఓ పక్కకి లేచింది. నేనైతే చూసేదాన్నే కాదు. ఆవిడ లేచింది. పేరంటంలో ఎప్పుడూ ముందుకు రాని మనిషి ముత్తయిదువుల మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చి, నా చేతిలో మండుతున్న పుల్లని వేళ్ళతో నలిపేసి, వంగి పంచె అంచు ఎత్తి చూసి, మళ్ళీ దించేసింది.

"పాము" అంది, మెల్లిగా. ఆ వెంటనే ఇల్లు అదిరేలా అరిచింది. "పాము! లేవండి! పిల్లల్ని ఎత్తుకోండి!"

ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ అందరూ వీధిలోకి పరుగెత్తారు. నేను మాత్రం పంచె ఎత్తి చూశాను. గోనెసంచీలో ఊకపొట్టు, ఆ పొట్టులో పురికొస చుట్టిన ఉండలు. ఆ పేరంటమంతా వాటి ముందు కూర్చునే నేను దీపాలు వెలిగించానని అప్పుడు అర్థమైంది. ఆవిడ ఒక్కొక్కటే రెండు చేతుల్లోకి తీసుకుని, పెరట్లో కుడితి గోలెం దాకా నడిచి, నీళ్ళలో దించి, మళ్ళీ వచ్చేది. నేను చెయ్యి వెయ్యబోతే, "దూరంగా పో. కాపురం చెయ్యాల్సినదానివి" అని కసిరింది.

మా మరిది వచ్చేసరికి సంచీ ఖాళీ. గోలెం వైపు చూసి గుండెలు బాదుకున్నాడు.

"ఏం చేశావే అమ్మా! మా వాళ్ళు జమ్మి కాడ ఎదురుచూస్తన్నారు!"

"చూడనీ."

"వాళ్ళ కాడ ఇంకో సంచీ ఉంది. నా చెయ్యి చాలు. తప్పుకో."

"నువ్వు పోతే చంపుతావు, లేపోతే చస్తావు. నాకు రెండూ వద్దురా."

వీధిలోంచి ఎవరో కుర్రాడు, "ఒరేయ్, రారా, కదులుతున్నారు" అని కేక వేశాడు. ఆవిడ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. తల్లిని నెట్టుకుని బయటికి పోవడానికి అతను కుడిచెయ్యి ద్వారబంధం మీద వేశాడు. ఆవిడ గోడకి ఆనించి ఉన్న రోకలి అందుకుంది.

మొదటి దెబ్బ మణికట్టు మీద పడింది. పత్తికట్టె విరిచినట్టు చప్పుడైంది. అతను అరవలేదు, అమ్మ ముఖంలోకి చూశాడు. రెండో దెబ్బకి అరిచాడు. తోలు చీల్చుకుని ఎముక తెల్లగా బయటికొచ్చింది, ద్వారబంధం మీది పసుపు బొట్ల మీదుగా నెత్తురు కారింది. ఆవిడ రోకలి వదలకుండానే వీధి అరుగు మీదికి వెళ్ళి, "వీడి చెయ్యి విరిగింది. ఇక మీకు పనికిరాడు. పొండి" అంది. లోపలికొచ్చి తలుపు గడియపెట్టి, కొడుకు తల పొట్టకి అదుముకుని, నేలబారున కూర్చుని గొల్లున ఏడ్చింది.

మామగారు చెప్పిన సంగతి ఒకటి ఆవిడ ఎప్పుడో నాతో అంది. వెనక్కి తగ్గాల్సి వచ్చి, ఫిరంగిని లాక్కుపోయే వీలు లేకపోతే, శత్రువుకి దక్కకుండా దాన్ని పేల్చే సిపాయిలే పగలగొట్టాలట. "అది చెప్పేటప్పుడు మీ మామయ్య ఏడ్చాడమ్మాయ్" అంది. ఆ రోజు ఆ గదిలో నిలబడి నేను ఇంకేమీ ఆలోచించలేకపోయాను, ఆ మాట తప్ప.

పొద్దు వాలకముందే జమ్మి వైపు నుంచి పేలుళ్ళు వినిపించాయి. వీధిలోంచి కేక వేసిన కుర్రాడు బాంబు తన చేతిలోనే పేలి చచ్చిపోయాడు. ముఖం లేదు, చొక్కా చూసి వాళ్ళమ్మ గుర్తుపట్టింది. అవతలి పార్టీలో ఒకడి రొమ్ము తెరుచుకుంది. మిగిలినవాళ్ళు జైలుకి వెళ్ళారు. మా మరిది బతికి, ఇంట్లో ఉన్నాడు.

బతికాడే గాని ఆవిడతో మాట్లాడటం మానేశాడు. కట్టు కట్టించిన ప్రతిసారీ పీకి పారేశాడు. చివరికి మణికట్టు బయటికి తిరిగి, అలాగే బిగుసుకుపోయింది. స్నేహితుణ్ణి చంపించిన మనిషన్నాడు ఆవిడని, నాతో. అదే ఇంట్లో, ఆవిడ వడ్డిస్తేనే తినేవాడు. "మజ్జిగ పొయ్యనా?" అంటే జవాబు లేకుండా కంచం జరిపేవాడు. "మాట్టాడకపోతే మాన్లే అమ్మాయ్, కంచం ఖాళీ చేస్తన్నాడు" అనేది ఆవిడ, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. తర్వాతి దసరాలకీ ఫిరంగులు పెట్టింది. కానీ కొత్త సిపాయిలెవరినీ కొయ్యలేదు, కాల్చలేదు. ఎందుకత్తయ్యా అని అడిగితే, "ఇప్పుడు ఎవరికి చెప్పాలి? అందరూ చూశారుగా" అంది.

మేము వెళ్ళేసరికి ఆవిడని వాకిట్లో పడుకోబెట్టారు. మా వైపు తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు కర్మ చేస్తారు. పెద్దవాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఆ చేత్తో ఏం పట్టుకుంటాడు, పైగా తల్లితో మాటల్లేవాయె, పెద్దోణ్ణే కానివ్వమన్నారు. మా ఆయన స్నానానికి లేవబోయాడు. అప్పటికే మా మరిది బావి దగ్గర తల మీద నీళ్ళు గుమ్మరించుకుని, తడిపంచెతో వచ్చి నిప్పుకుండ ముందు నిలబడ్డాడు.

"ఎడం చేత్తో పట్టుకోరా" అన్నారెవరో.

"ఈ చేత్తోనే" అన్నాడు.

వంగి, ఆవిడ ముఖం దగ్గర ముఖం పెట్టి, "పోదాం పదమ్మా" అన్నాడు. ఇన్నేళ్ళకి ఆవిడతో ఆడిన మాట అది. నా పక్కన ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. నేను నోట్లో చెంగు కుక్కుకున్నాను, అతను వెళ్ళడం కళ్ళారా చూడాలని.

మణికట్టు తిరగదు కాబట్టి కుండ ఉట్టితాడు ముంజేతికి వేసుకున్నాడు. కుండ నిలకడగా వేలాడలేదు. అడుగడుక్కీ మోకాలికి కొట్టుకుని, నిప్పురవ్వలు తడిపంచె మీద రాలి ఆరిపోతున్నాయి. పాడె మోస్తున్న మా ఆయన వెనకనుంచి, "చెయ్యి మార్చుకోరా, కాలుద్ది" అంటున్నాడు. వీధి మలుపు తిరిగేదాకా చూశాను. అతను చెయ్యి మార్చుకోలేదు.