గోడ అవతల స్టీలు గ్లాసు

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, మధ్యలో ఆపకండి. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నా చెవులతో నేను విన్నాను. నా కూతురి మీద ఒట్టు.

మేం ఉండేది చంద్రాపూర్‌లో, పాత కోట గోడ పక్క వీధిలో. నేను పేపర్ మిల్లులో ఫిట్టర్‌ని. మా వీధిలో ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు, అదీ రాత్రి రెండు దాటాకే వస్తాయి. ముందు ఎవరింట్లో వస్తే వాళ్ళు పక్కింటి గోడ మీద మూడు దెబ్బలు కొడతారు. విన్నవాళ్ళు తిరిగి రెండు కొట్టాలి. విన్నాం, లేచాం అని అర్థం.

పక్కింట్లో రాజవ్వ ఒక్కతే ఉండేది. భర్త బొగ్గు గనిలో పనిచేసేవాడు, చనిపోయాడు. పిల్లల్లేరు. మా ఇంట్లో ఏం వండినా ఆమెకు ఒక గిన్నె వెళ్ళేది. ఆమె గోడ మీద స్టీలు గ్లాసుతో కొట్టేది. ఆ చప్పుడు వీధిలో ఇంకెవరిదీ కాదు.

ఆ రాత్రి రెండున్నరకు వినబడింది. టంగ్... టంగ్... టంగ్.

లేచి రెండు కొట్టాను. బకెట్ పెట్టి నల్లా తిప్పాను. చుక్క లేదు. అప్పుడు గుర్తొచ్చింది... అది నీళ్ళు వచ్చే రోజే కాదు. అవ్వ పొరబడిందనుకుని వచ్చి పడుకున్నాను.

మళ్ళీ... టంగ్.

ఈసారి ఒక్కటే. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఫ్యాన్ తిరుగుతోంది. ఎక్కడో కుక్క మొరిగి ఊరుకుంది. మళ్ళీ... టంగ్. చప్పుడు కింది నుంచి వచ్చింది. మా పరుపు ఎత్తున, నేలకు దగ్గరగా. రాజవ్వ ఎప్పుడూ నిలబడే కొట్టేది. మెల్లగా గోడకు చెవి ఆనించాను. అవతల దగ్గు లేదు... అడుగుల సడి లేదు... ఏమీ లేదు. ఆ తర్వాత, సరిగ్గా నా చెవి దగ్గరే... టంగ్.

నా భార్య లలిత లేచి కూర్చుంది.

"ఏందిది? అవ్వ గట్లెందుకు కొడ్తుంది? జర పోయి చూసి రారాదు."

"నీళ్ళ కోసమే. ముసలామెకు దినాలు యాదికుంటలేవు. పండుకో."

నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. ఆ మాట ఒప్పుకోలేక విసుక్కున్నాను. గోడ మీద మళ్ళీ రెండు దెబ్బలు కొట్టాను. గట్టిగానే కొట్టాను. అవతల చప్పుడు ఆగిపోయింది.

పొద్దున రాజవ్వ తలుపు తీయలేదు. నలుగురం కలిసి గడియ విరగ్గొట్టాం. వంటింట్లో పడి ఉంది, ఆ గోడకు రెండు గదుల దూరంలో. ఒళ్ళు బిగుసుకుపోయింది. వచ్చిన డాక్టర్, రాత్రి తొమ్మిది పదికే ప్రాణం పోయి ఉంటుందన్నాడు. నేను రెండోసారి అడిగాను. మళ్ళీ అదే చెప్పి, "అందాజ్‌గా" అని కలిపాడు.

గ్లాసు మాత్రం మా ఇంటి వైపు గోడ మొదట్లో దొర్లి ఉంది. మామూలుగా అది ఆ పక్కనే స్టూలు మీద ఉంటుంది. ఎప్పుడు పడిందో ఎవరికి తెలుసు?

"పోతా పోతా నీకు చెప్పి పోయింది రా, పాపం" అంటారు వీధిలో వాళ్ళు. "గట్లనే అయ్యుంటది" అంటాను. లలిత మాత్రం ఆ ప్రస్తావన వస్తే లేచి లోపలికి వెళ్ళిపోతుంది.

అదేమిటో నాకిప్పటికీ తెలియదు. డాక్టర్ మాటే నిజమై, అది దయ్యమే అయ్యుండాలని రోజూ కోరుకుంటున్నాను. కాకపోతే... రాజవ్వ నేల మీద పడి సాయం కోసం పిలిచింది, ఎవరూ రాక వంటింటి దాకా పాకింది. నేను విన్నానని రెండుసార్లు జవాబు చెప్పి మరీ పడుకున్నాను.