ఒక్క పలకరింపులో నాలుగు వంశాలు

ఆ రోజుల్లో ఏ భాషనైనా ఎక్కాల్లా బట్టీపట్టి అప్పజెప్పేయవచ్చని గట్టిగా నమ్మేవాణ్ణి. లెక్కలు ఏ మాస్టారి దగ్గరా కాకుండా పాత పుస్తకాలు తిరగేసి సొంతంగా నేర్చుకున్నవాణ్ణి కదా, ఆ ధీమా. ఆస్ట్రేలియాలో చదువుకుంటూ, యూనివర్సిటీకి సెలవున్న రోజుల్లో వెర్రిబీ అనే ఊరి దగ్గర కాలీఫ్లవర్లు పెట్టెల్లో సర్దే షెడ్డుకి ట్రయల్ మీద వెళ్ళేవాణ్ణి. మాలో ఎవరిని ఉంచాలో తేల్చేది కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ ఆంటీ. ఆస్ట్రేలియా ఆయన్ని పెళ్ళాడి అమెరికా నుంచి వచ్చిన, అక్కడి నవాహో ఆదివాసీ తెగ ఆవిడ. మాట తక్కువ.

ఆవిడ భాషలోనే పలకరిస్తే నా పని ఖాయమనుకున్నాను. ఇంటర్నెట్‌లో వెతికి, రైల్లో వల్లె వేశాను. నమస్కారానికి ‘యాఅతేహ్’, కృతజ్ఞతకి ‘అహేహె’, సెలవుకి ‘హగోనె’. ఆవిడ ఎదురుపడగానే, ఆగితే మరిచిపోతానన్న భయంతో అన్నీ ఒక్క ఊపిరిలో అప్పజెప్పాను. అంటే నమస్కారం పెట్టి, దేనికో కృతజ్ఞత చెప్పి, సెలవు కూడా తీసుకుని, అక్కడే నిలబడ్డానన్నమాట.

“బై కూడా చెప్పేశావ్ కదరా, ఇంక ఇంటికి పోదామా?” అన్నాడు పక్కనున్న మా రూమ్మేటు.

ఆంటీ నవ్వలేదు. నా చెయ్యి తాకీ తాకనట్టు పట్టుకుని, “యాఅతేహ్” అని నెమ్మదిగా అంది. తర్వాత ఇంగ్లీషులో, “మీ అమ్మ ఎవరు?” అని అడిగింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. మనవైపు పెద్దవాళ్ళు అమ్మ గురించి అడిగారంటే ఫిర్యాదు చెయ్యడానికే. “ఆంటీ, ప్లీజ్! అమ్మకి మాత్రం చెప్పకండి. పెట్టెలు ఇంకా జాగ్రత్తగా సర్దుతాను!”

అప్పుడు నవ్విందావిడ. “పలకరింపు సగమే నేర్చుకున్నావబ్బాయ్. మేము ముందు అమ్మ వంశం చెబుతాం, అది ఆమెకి వాళ్ళమ్మ నుంచి వస్తుంది. తర్వాత నాన్నది, అదీ వాళ్ళమ్మ నుంచే. తర్వాత అమ్మ తండ్రిది, నాన్న తండ్రిది. అప్పుడుగానీ ఎదుటివాడు నాకేమవుతాడో తెలియదు. ఈ దేశంలో నన్నెవరూ అడగలేదు” అంటూ తన నాలుగూ చెప్పింది. ఒక్కముక్క అర్థం కాలేదు. అయినా ఒక్క మనిషి నిలబడ్డ చోట ఒక ఊరంతా వచ్చి నిలబడినట్టనిపించింది.

“ఇప్పుడు నీవి?”

మనసులో నాలుగు గడులు గీసుకుని, గోత్రంతో సహా నాన్న ఇంటిపేరు గడగడా చెప్పాను. అది వాళ్ళ నాన్న నుంచి వచ్చింది కాబట్టి నాన్న తండ్రి గడిలోకి పోయింది. అమ్మ పుట్టింటి పేరు ఆవిడ తండ్రి గడిలోకి. నాన్న గడీ, అన్నిటికంటే ముందున్న అమ్మవైపు ఆడవాళ్ళ గడీ ఖాళీ. లెక్కల మనిషిని, వేళ్ళమీద ఎన్నిసార్లు లెక్కపెట్టినా అవి నిండలేదు.

“కనుక్కునిరా, రేపు” అంది. అంటే రేపు కూడా రావచ్చన్నమాట!

ఇంటికొచ్చి ఫోన్ చేస్తే అమ్మ కంగారుపడింది. “ఏరా, పని పోయిందా?”

“లేదమ్మా. మీ అమ్మమ్మ పుట్టింటి పేరేంటి?”

ఎందుకో అంతా నాచేత చెప్పించుకుంది. తర్వాత అది చెప్పింది, ఆవిడ తల్లిదీ చెప్పింది. “ఆపైన నాకూ తెలీదురా. ఎవరూ అడగలేదు మరి.”

ఇప్పుడు మా అమ్మాయి స్నేహితురాళ్ళు గుమ్మంలో హాయ్ అంటే, “మీ అమ్మమ్మ ఎవరమ్మా?” అంటాను. “డాడ్! షీ జస్ట్ సెడ్ హాయ్!” అని తల కొట్టుకుంటుంది మా అమ్మాయి. నిజమే తల్లీ. మీ నాన్న కూడా ఒకప్పుడు అంతే అనుకుని, నమస్కారంతోపాటే సెలవు కూడా తీసేసుకున్నాడు.