పసుపులో కలిపిన క్రీము

మా కుట్టుమిషన్ కొట్టు రేపల్లె చేపల మార్కెట్‌కి ఎదురుగా ఉంది. నీచు వాసన నాకు ఎప్పుడో అలవాటైపోయింది గానీ అక్కడి నోళ్ళు మాత్రం ఇంకా అలవాటు కాలేదు. వాటన్నిటిలోకీ పెద్ద నోరు పేరంటాలుది. గంటసేపు బేరమాడి కొనకుండా పోయేవాళ్ళని వీధి చివరిదాకా తిట్టి సాగనంపేది. కత్తిపీట ముందు కూర్చుందంటే వంజరం చేప తల ఒక్క వేటుకి ఎగిరిపోవాల్సిందే. అలాంటి మనిషి ఒక్క మాటకి కుంగిపోయింది.

బాపట్లలో చుట్టాల పెళ్ళికి మొగుడితో వెళ్ళింది. మొగుడు పోలయ్య బోటు నడుపుతాడు. వయసులో ఆమె కంటే పెద్దవాడే గానీ జుట్టుకి రంగు వేసి కుర్రాడిలా తిరుగుతాడు. భోజనాల దగ్గర వడ్డించే ఆయన పోలయ్యని "మీ అమ్మగారికి ఇంకాస్త కూర వెయ్యమంటారా బాబూ?" అని అడిగాడట. పోలయ్య అక్కడితో నవ్వి ఊరుకోకుండా ఆ మాట రేవంతా మోసుకొచ్చాడు. ఆ తర్వాత బోటు దిగిన ప్రతివాడూ "మీ అబ్బాయి ఎక్కడమ్మా?" అని ఆమెని అడగడం మొదలుపెట్టాడు. నాకైతే పోలయ్యని పట్టుకుని ఆ కత్తిపీట మీదే కూర్చోబెట్టాలనిపించింది.

వాళ్ళ కూతురు భాగ్యశ్రీ తెనాలిలో ఒక చర్మం డాక్టరు దగ్గర మందులిచ్చే పనిలో ఉంది. తల్లి బాధ చూసి రెటినాల్ క్రీము తెచ్చింది. ముడతలు తగ్గుతాయి, మచ్చలు పలచబడతాయి, కానీ నెలలు పడుతుంది అని నా కొట్లోనే కూర్చుని చెప్పింది. "రాత్రిపూటే రాయాలమ్మా. శనగగింజంత చాలు. మొదట్లో వారానికి రెండుసార్లే. దానిమీద మామూలు క్రీము. పగలు సన్‌స్క్రీన్ లేకుండా ఎండలోకి పోవద్దు, మొహం గట్టిగా రుద్దొద్దు." పేరంటాలు బుద్ధిగా తల ఊపింది. ఆమె ఎదురు చెప్పకుండా తల ఊపిందంటే వినలేదని అర్థం.

పేరంటాలు ఉండే పల్లెలో ఆడవాళ్ళు తెల్లవారగానే పసుపు ముద్ద చెంపల నిండా పట్టించి, గట్టిగా రుద్ది కడుక్కుని, ఆ పచ్చదనంతోనే మార్కెట్‌కి వస్తారు. పసుపు లేని మొహంతో గంప ఎత్తితే చేపల వేటకెళ్ళిన మగవాడికి మంచిది కాదని వాళ్ళ నమ్మకం. పేరంటాలు పసుపు మానలేక, క్రీము వదల్లేక, రెండూ కలిపేసింది. శనగగింజంత క్రీము ఈ మొహానికి ఏ మూలకని సగం ట్యూబు పసుపులోకి పిండింది. రోజూ పొద్దున్నే అది రుద్దుకుని, వచ్చి ఎండలో కూర్చునేది. చెమట పడితే ఉప్పూ ఐసు నీళ్ళూ అంటిన కొంగుతోనే తుడుచుకునేది.

"మండుతోంది వదినా, మందు బాగా పట్టింది" అని నాతో మురిసిపోయింది. మానెయ్యమని నేను అరిస్తే, నీకు కుళ్ళు అంది.

వారం తిరిగేసరికి బుగ్గలు ఉబ్బి, తోలు లేచి, కళ్ళకింద ఎర్రగా కమిలిపోయింది. పెదవి చిట్లింది. ఎవరో చెంపలు వాయగొట్టినట్టే ఉంది. ఏమైందని అడిగితే ఏం చెబుతుంది? ఈ వయసులో సోకు కోసం క్రీము రాసుకున్నానంటే మార్కెట్ మార్కెట్టంతా నవ్వుతుంది. అందుకని "ఏం కాలేదు, నీ పని చూసుకో" అనేది. ఆ మాటకి అందరూ తమకి తోచిన అర్థం చెప్పుకున్నారు.

అలా చెప్పుకోవడానికి కారణం లేకపోలేదు. పెళ్ళయిన కొత్తలో పోలయ్య తాగొచ్చి ఆమెని కొట్టేవాడు. చాలా ఏళ్ళ కిందట మానేశాడు. మానేసినందుకు మెచ్చుకోమంటే నేను మెచ్చుకోను. ఊరు మాత్రం మర్చిపోలేదు. మళ్ళీ మొదలుపెట్టాడన్న కబురు బాపట్ల దగ్గర పల్లెలో ఉన్న ఆమె తమ్ముడు నాగశివకి చేరింది.

నాగశివ ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని పట్టపగలు ఆటోలో దిగాడు. చేతిలో తెడ్డు ఉంది. తిన్నగా అక్క దగ్గరికి వెళ్ళి మొహం చూశాడు.

"బావేనా?" అన్నాడు.

పేరంటాలు మాట్లాడలేదు. కత్తిపీట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

పోలయ్య అప్పుడే ఐసు పెట్టె దించుతున్నాడు. వెనకనించి వీపు మీద పడింది మొదటి దెబ్బ. పెట్టె పగిలి చేపలు నేలంతా జారిపోయాయి. లేవబోతే కాలితో డొక్కలో తన్నారు. అతని నుదురు చేపలు కోసే రాతిబల్లకి కొట్టుకుని చిట్లింది. నెత్తురు రాతి మీదినించి కాలవలోకి కారిపోతోంది. నేను చేతిలో కత్తెరతోనే పరుగెత్తుకొచ్చాను గానీ నన్నెవరు లెక్కచేస్తారు?

"నేను ముట్టుకోలేదురా! దాన్నే అడగండి! చెప్పవే పేరంటాలూ, నేను ముట్టుకోలేదని చెప్పవే!"

ఆమె చూస్తోంది. నోరు విప్పలేదు. అంత పెద్ద నోరు ఒక్కసారి తెరిస్తే అక్కడితో అయిపోయేది. ఆ నిమిషంలో నాకు ఆమె అంటే భయం వేసింది.

నాగశివ వెంట వచ్చిన ఇద్దరూ పోలయ్య కుడిచెయ్యి బల్లమీదికి లాగి అదిమిపట్టారు. ఆ చెయ్యి పోతే అతనికి బోటు లేదు, బతుకు లేదు.

"ఈ చెయ్యేనా అక్కా?" అన్నాడు నాగశివ.

ఆమె అవునూ అనలేదు, కాదూ అనలేదు. తెడ్డు దిగింది. ఎముక విరిగిన చప్పుడు వీధిలోకి వినిపించింది. పోలయ్య అరుపుకి చెట్టుమీది కాకులన్నీ లేచిపోయాయి. నాగశివ రెండోసారి తెడ్డు ఎత్తాడు. ఈసారి తలకే గురి.

అప్పుడు లేచింది పేరంటాలు. తమ్ముణ్ణి రొమ్ము మీద రెండు చేతులతో తోసి, మొగుడికి అడ్డంగా నిలబడింది.

"ఆయన కొట్టలేదురా. క్రీము రాసుకున్నా. ఎండకి కాలింది. పొండి."

నాగశివ తెడ్డు వదిలేశాడు. అందరూ ఆమె మొహంకేసి చూశారు. ఎవరూ నవ్వలేదు.

పోలయ్యని తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నేనూ వెంట వెళ్ళాను. నాగశివ తల దించుకుని అక్కడే నిలబడ్డాడు. భాగ్యశ్రీ పరుగున వచ్చి, తల్లి మొహం చూసి ఏడుస్తూ తిట్టింది. తోలు మానేదాకా క్రీము ముట్టుకోవద్దంది, పసుపు కూడా వద్దంది, చల్లటి నీళ్ళతో మెల్లగా కడుక్కోమంది. పేరంటాలు ఏ మాటకీ ఎదురు చెప్పలేదు.

చేతికి కట్టు కట్టాక పోలయ్య కళ్ళు తెరిచాడు.

"ఆ మాట ముందే అనుంటే నా చెయ్యి ఉండేది కదే?" అన్నాడు.

"ఉండేది" అంది పేరంటాలు. "నువ్వు నిజంగా కొట్టిన రోజున నేను బాపట్ల పోయి వీపు చూపించాను. ఈ తమ్ముడు నాకు అన్నం పెట్టి, మొగుడన్నాక కొడతాడు సర్దుకో అని బస్సెక్కించాడు. వీపు మీదయితే ఎవరికీ కనపడదుగా. ఇవాళ మొహం నలుగురికీ కనపడిందని తెడ్డుచ్చుకుని వచ్చాడు. మీ ఇద్దర్నీ చూస్తూ కూర్చున్నా. నోరు తెరవాలనిపించలేదు."

నాగశివ బయటికి వెళ్ళిపోయాడు. తండ్రి ఒకప్పుడు కొట్టేవాడని వినడమే గానీ, తల్లి పుట్టింటికి పోయి వీపు చూపించుకునేదాకా వచ్చిందని భాగ్యశ్రీకి అప్పటిదాకా తెలియదు. ఏడుపు ఆపి తండ్రిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

పోలయ్య కట్టు మీద రెండో చెయ్యి వేసుకున్నాడు. తర్వాత, "మరి రెండో దెబ్బ ఎందుకు ఆపావు?" అన్నాడు.

"నువ్వు చావాలని నేనెప్పుడూ అనుకోలేదయ్యా" అంది. "ఎంత నొప్పో తెలిస్తే చాలనుకున్నా."